భుజంలో కాల్షియం ముద్ద: కోనసీమకు కావలసింది సూదా, చూపా?

భుజం కీలు చుట్టూ ఉండే నాలుగు కండరాలు చివరికి టెండన్లుగా సన్నబడి జబ్బ ఎముక తలకు అతుక్కుంటాయి. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. ఈ టెండన్ల లోపల హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ ముద్దగా పేరుకునే జబ్బే కాల్సిఫిక్ టెండినైటిస్. ఎక్కువగా 30 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది. మగవారికన్నా ఆడవారిలో కాస్త ఎక్కువ. చేతిని పక్కకు ఎత్తే పనికి శ్రీకారం చుట్టే సుప్రాస్పైనేటస్ టెండన్‌లోనే ఈ ముద్దల్లో చాలా వరకు కనబడతాయి. చెడింది భుజం లోపలైనా నొప్పి తెలిసేది జబ్బ బయటి వైపున. కాబట్టి రాజోలులోనో కొత్తపేటలోనో ఒకామె డాక్టరు దగ్గరికి వచ్చి జబ్బ లాగేస్తోందని, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నానని, జడ వేసుకోవడానికి చెయ్యి లేవడం లేదని చెబితే అనుమానించాల్సిన జబ్బుల్లో ఇదొకటి. దీనికి ఇప్పుడు ప్రపంచమంతటా పేరు పొందిన చికిత్స, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ ముద్దలోకి సూది దించి, సెలైన్‌తో కడిగి బయటికి లాగేయడం. బార్బొటాజ్ అనే ఈ పద్ధతికి కోత లేదు, కుట్టు లేదు, ఆసుపత్రిలో పడక అక్కర్లేదు. ఇది మంచి పద్ధతే. అయితే దాని మీద ఇంతవరకూ పోగైన ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే, అమలాపురం వంటి ఊళ్లకు ఇందులో ఎక్కువ పనికొచ్చేది కడగడం కాదు, కడిగే ముందు చూడటం అని తేలుతుంది. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

ముందుగా జబ్బు నడక తెలియాలి, ఎందుకంటే చికిత్స గురించిన సగం గందరగోళం అక్కడే పుడుతుంది. కెనడాలోని ఒటావాకు చెందిన ఉథోఫ్ అనే వైద్యుడు, ఆయన సహరచయిత లోయర్ 1997లో దీని గమనాన్ని మూడు ఘట్టాలుగా వివరించారు. మొదట టెండన్‌లో కొంత భాగం మృదులాస్థి లాంటి కణజాలంగా మారుతుంది. తర్వాత అందులో కాల్షియం స్ఫటికాలు చేరి ముద్ద కడతాయి. ఆ ముద్ద కొంతకాలం కదలక మెదలక ఉండి, ఒకనాటికి శరీరమే దాన్ని కరిగించుకోవడం మొదలుపెడుతుంది. చివరికి ఆ చోట టెండన్ మళ్లీ అల్లుకుంటుంది. గట్టిగా ఉన్న రోజుల్లో సుద్దముక్కలా ఉండే పదార్థం కరిగే రోజుల్లో టూత్‌పేస్టులా చిక్కగా మారుతుంది. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. రోగి తట్టుకోలేనంత తీవ్రమైన నొప్పి, చెయ్యి అంగుళం కూడా కదపనివ్వని నొప్పి, సాధారణంగా ముద్ద తయారయ్యేటప్పుడు రాదు. అది కరుగుతున్నప్పుడు వస్తుంది. కరిగే చోట రక్తనాళాలు పెరుగుతాయి, ఒత్తిడి పెరుగుతుంది, కొంత పదార్థం పక్కనే ఉన్న బర్సా సంచిలోకి చిమ్ముతుంది. అంటే రోగి అన్నిటికన్నా ఎక్కువ భయపడే వారమే జబ్బు తనంతట తాను ముగింపుకు వస్తున్న వారం కూడా కావచ్చు. ఈ సంగతి ఎరగకుండా ఏ చికిత్స ఫలితాన్నయినా లెక్కగట్టడం ప్రమాదకరం. ఆ వారంలో ఏది చేసినా, కడిగినా, తైలం రాసినా, తాయెత్తు కట్టినా, గుణం దానికే దక్కుతుంది.

కాల్షియం అనే మాట వినగానే మాత్రలు మానేసేవారు, పాలు మానేసేవారు, తాంబూలంలో సున్నాన్ని అనుమానించేవారు ఉంటారు. ఆహారంలోని కాల్షియానికీ ఈ ముద్దకూ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. ఈ రోగుల రక్తంలో కాల్షియం సాధారణంగా మామూలు స్థాయిలోనే ఉంటుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవయసు స్త్రీ ఈ భయంతో డాక్టరు రాసిన కాల్షియం మాత్ర ఆపేస్తే భుజానికి మేలు జరగదు, ఎముకకు కీడు మాత్రం జరుగుతుంది.

మరో ఊహ కోనసీమకు ఇంకా దగ్గరిది. చెట్టెక్కి కొబ్బరి దింపే కార్మికులు, కాయ ఒలిచేవారు, బండారులంక మగ్గాల మీద కూర్చునే నేతగాళ్లు రోజంతా భుజాలతో బతికేవారు కాబట్టి ఈ జబ్బు వారికే ఎక్కువ వస్తుందని అనుకోవడం సహజం. సాక్ష్యం మాత్రం అటు మొగ్గడం లేదు. ఈ జబ్బు మీద తొలి పెద్ద లెక్క 1941లో అమెరికాలో బాస్‌వర్త్ అనే శస్త్రవైద్యుడు తీసినది. ఆయన 6,061 మంది ఉద్యోగుల రెండు భుజాలనూ, అంటే 12,122 భుజాలను పరీక్షించి చూస్తే 2.7 శాతం మందిలో కాల్షియం ముద్దలు కనిపించాయి. వాళ్లు బరువులెత్తే కూలీలు కారు, ఆఫీసు పనివారు. బరువు పని టెండన్‌ను అరగదీయగలదు, చింపగలదు. కానీ ఈ ముద్ద అరుగుదల జబ్బు కాదనే ఉథోఫ్ వాదం. అరుగుదలే కారణమైతే డెబ్భై, ఎనభై ఏళ్లవారిలో ఇది పెరగాలి, పెరగదు. కాబట్టి దింపు కార్మికుడి భుజం నొప్పిని చూడగానే ఇది కాల్షియమేనని తేల్చేయడమూ తప్పే, టైపిస్టు భుజంలో ఇది ఉండదనుకోవడమూ తప్పే. మధుమేహం, థైరాయిడ్ లోపాలు ఉన్నవారిలో ఇది కాస్త ఎక్కువగా కనబడుతుందని మాత్రం కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి.

బాస్‌వర్త్ లెక్కలో ఇంకో పాఠం దాగి ఉంది. ముద్ద కనిపించిన ప్రతివారికీ నొప్పి లేదు. 2015లో డచ్ వైద్యుడు లూవెరెన్స్ బృందం ప్రచురించిన పరిశీలనలో, నొప్పి ఏమీ లేని పెద్దవాళ్లలో కూడా 7.8 శాతం మందికి ముద్దలు ఉన్నాయి. భుజం నొప్పితో వచ్చినవారిలో ఆ వాటా 42.5 శాతం. ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. ముద్దకూ నొప్పికీ సంబంధం ఉంది; కానీ ముద్ద కనబడటమే నొప్పికి కారణం దొరికినట్టు కాదు. ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ చూసి సూది అందుకునే ముందు ఆ నొప్పి ఫ్రోజెన్ షోల్డర్‌ది కాదని, చిరిగిన టెండన్‌ది కాదని, మెడ నుంచి దిగుతున్నది కాదని, ఎడమ భుజమైతే గుండెది కాదని నిర్ధారించుకోవాలి. కోనసీమలో మధుమేహులకు కొదవ లేదు; మధుమేహంతో ఫ్రోజెన్ షోల్డర్ రావడం బాగా తెలిసిన విషయమే. ఫ్రోజెన్ షోల్డర్‌లో డాక్టరు తన చేత్తో తిప్పినా చెయ్యి బయటికి తిరగదు. కాల్షియం ముద్ద ఉన్న భుజం, తీవ్రమైన నొప్పి రోజుల్లో తప్ప, డాక్టరు మెల్లగా తిప్పితే తిరుగుతుంది. ఈ పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. అయినా ఇది ఎన్నోచోట్ల జరగకుండానే మందులచీటీ రాయడం అయిపోతుంది.

యంత్రాల మాటకు వస్తే, ఈ జబ్బు విషయంలో ఖరీదైన పరీక్షే మేలైనదనే నమ్మకం తలకిందులవుతుంది. ఎంఆర్ఐలో కాల్షియం నల్లగా కనబడుతుంది. టెండన్ కూడా నల్లగానే ఉంటుంది. నలుపులో నలుపు కలిసిపోయి చిన్న ముద్దలు కంటపడకపోవచ్చు. అదే మామూలు ఎక్స్‌రేలో, చేతిని లోపలికీ బయటికీ తిప్పి రెండు మూడు భంగిమల్లో తీస్తే, ముద్ద తెల్లగా తేలుతుంది. అంచులు కత్తిరించినట్టు స్పష్టంగా, దట్టంగా ఉంటే అది గట్టి దశ. మబ్బు పట్టినట్టు చెదిరి ఉంటే కరిగే దశ. గార్ట్‌నర్ అనే జర్మన్ వైద్యుడి పేరుతో వాడుకలో ఉన్న మూడు రకాల వర్గీకరణకు ఆధారం ఈ తేడాయే. అల్ట్రాసౌండ్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ముద్ద ఏ టెండన్‌లో, ఎంత లోతున ఉందో, దాని వెనక నల్లని నీడ పడుతోందో లేదో, చుట్టూ రక్తప్రసారం పెరిగిందో లేదో చూపిస్తుంది. నీడ దట్టంగా ఉంటే గట్టి ముద్ద. నీడ లేకపోతే మెత్తబడినది. టెండన్ చిరిగిందా అన్నదీ ఆ పరీక్షలోనే తెలుస్తుంది. కొత్తపేట నుంచి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికో, రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరాలకో, అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడకో ఎంఆర్ఐ కోసం బయల్దేరే రోగుల్లో చాలామందికి, ఈ ఒక్క జబ్బు మటుకు, సొంత ఊళ్లో తీసే ఎక్స్‌రేతోనే సగం జవాబు దొరుకుతుంది.

ఇక చికిత్స. సూదితో కడగాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1937లోనే ప్యాటర్సన్, డారక్ అనే అమెరికన్ వైద్యులు సూదులతో భుజాన్ని కడిగిన వివరాలు ప్రచురించారు. అప్పట్లో ముద్ద ఎక్కడుందో చేతికి తగిలిన నొప్పిని బట్టి ఊహించాల్సి వచ్చేది. 1978లో కంఫర్ట్, అరాఫిలెస్ ఫ్లోరోస్కోపీ ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూది నడిపించారు. 1990లలో ఫిన్లాండ్ వైద్యుడు ఫారిన్ బృందం అల్ట్రాసౌండ్‌ను తెచ్చింది. రేడియేషన్ బెడద తప్పింది, సూది కొన కదలిక కదలికా కనబడసాగింది. ఇప్పుడు జరిగే తీరు ఇది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చర్మాన్ని శుభ్రం చేసి, లిడోకైన్‌తో మొద్దుబారుస్తారు. ప్రోబ్‌కు సమాంతరంగా సూదిని పంపి ముద్ద మధ్యలో నిలుపుతారు. సిరంజిని కిందికి వంచి పట్టుకుని కొద్దికొద్దిగా సెలైన్ నెట్టి వదిలేస్తే, లోపలి ఒత్తిడికి తెల్లటి ద్రవం తిరిగి సిరంజిలోకి వస్తుంది. అది బరువుగా అడుక్కి చేరుతుంది కాబట్టే సిరంజిని కిందికి వంచడం. ద్రవం తేటపడేదాకా ఇలా చేస్తారు. ఒకే సూదితో చేసేవారున్నారు. ఒకదానితో నెట్టి రెండోదానితో లాగే ఇటాలియన్ పద్ధతీ ఉంది. పోల్చి చూసిన పరిశోధనలో రోగికి దక్కే మేలులో ఈ రెంటికీ తేడా రాలేదు. సెలైన్‌ను దాదాపు 42 డిగ్రీలకు వెచ్చబెడితే ముద్ద సులువుగా కరుగుతుందని స్కాన్ఫియెన్జా బృందం 2012లో చూపింది. గట్టి ముద్దలు కడిగితే రావు. వాటిని సూదితో అక్కడక్కడా గుచ్చి వదిలేస్తారు. ముగింపులో బర్సాలోకి స్టెరాయిడ్ ఇస్తారు. మొత్తం మీద అరగంట పని. తర్వాత రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువ కావచ్చు, కొందరికి మూడు నెలల ప్రాంతంలో మళ్లీ ఒకసారి తిరగబెట్టవచ్చు. చీము పట్టడం, టెండన్ చిరగడం అరుదు.

ఈ పద్ధతి పనిచేస్తుందా? తొలి సాక్ష్యాలు ఉత్సాహం పుట్టించాయి. ఇటలీలో సెరఫీని బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో 219 మందికి ఈ చికిత్స చేసి, చేయించుకోని 68 మందితో పోల్చారు. నెలకు, మూడు నెలలకు, ఏడాదికి చూస్తే కడిగించుకున్నవారు చాలా మెరుగ్గా ఉన్నారు. ఐదేళ్లకు, పదేళ్లకు చూస్తే ఇరువర్గాలూ ఒకే చోటికి చేరారు. నెదర్లాండ్స్‌లో డి విట్టె బృందం 48 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు కడగడంతో పాటు స్టెరాయిడ్, రెండో గుంపుకు స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చింది. ఏడాదికి కడిగినవారు ముందున్నారు. ఐదేళ్లకు ఆ ముందంజ మిగల్లేదు. ఈ రెండింటినీ బట్టి కడగడం జబ్బును నయం చేస్తుందనడం కన్నా ఎటూ రాబోయే నయాన్ని ముందుకు జరుపుతుందనడం సబబు.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మూస్మయర్ బృందం పరీక్ష ఆ మాటను కూడా ప్రశ్నలో పెట్టింది. నార్వే, స్వీడన్‌లలోని ఆరు ఆసుపత్రుల్లో 220 మంది రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజంగా కడిగి స్టెరాయిడ్ ఇచ్చారు. రెండో గుంపుకు కడిగినట్టు నటించి స్టెరాయిడ్ ఇచ్చారు. మూడో గుంపుకు కడిగినట్టు నటించి, స్టెరాయిడ్ కూడా లేకుండా మత్తుమందు మాత్రమే ఇచ్చారు. తనకు ఏది జరిగిందో రోగికి తెలియదు. నాలుగు నెలలకు మూడు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్ పడిన రెండు గుంపులకూ తొలి ఆరు వారాల్లో నొప్పి బాగా తగ్గింది, ఆ పైన ఆ లాభమూ కరిగిపోయింది. ఇది ఇంతవరకూ ఈ విషయంలో జరిగిన పరీక్షల్లో అన్నిటికన్నా గట్టిది. ఎందుకంటే సెరఫీని పరీక్షలో ఎవరికి ఏమి జరిగిందో రోగులకు తెలుసు, పోలిక గుంపు తనంతట తాను వద్దనుకున్నవారితో ఏర్పడింది. సిరంజిలో తెల్లటి ద్రవాన్ని కళ్లారా చూసిన రోగికి కలిగే ధైర్యం చిన్నదేమీ కాదు. ఆ ధైర్యాన్ని మందు లెక్కలోంచి తీసేస్తే ఏమి మిగులుతుందో మూస్మయర్ చూపారు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది వైద్యులదే. వేలమంది ఈ చికిత్సతో తేరుకోవడం తాము చూశామని, ఒక్క పరీక్షతో దాన్ని కొట్టిపారేయలేమని వారంటారు. తేరుకోవడం నిజమే. నటన జరిగిన గుంపులో కూడా రోగులు తేరుకున్నారు మరి. అయితే వారి అభ్యంతరంలో ఒక న్యాయమైన ముక్క ఉంది. మూస్మయర్ పరీక్షలోకి వచ్చినవారు కనీసం మూడు నెలలుగా బాధపడుతున్నవారు, అంటే దీర్ఘకాలిక రోగులు. ముద్ద మెత్తబడి, ఒత్తిడి పెరిగి, రాత్రంతా కూర్చునే గడిపే రోగి ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు చెప్పలేదు. అలాంటి భుజంలో సూది దించగానే ఒత్తిడి దిగిపోవడం, పదార్థం సులువుగా బయటపడటం శరీరధర్మం ప్రకారం పొసగే విషయమే. కడగడానికి బలమైన స్థానం ఏదైనా మిగిలి ఉంటే అది అక్కడే. ఆ రోగిని గుర్తించేది ఏమిటి? మళ్లీ ఎక్స్‌రేలోని మబ్బు, అల్ట్రాసౌండ్‌లో నీడ లేకపోవడం.

రెండో అభ్యంతరం కోనసీమ నేల మీది నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జబ్బు దానంతట అదే తగ్గుతుందని చెప్పడం నెల జీతం వచ్చేవారికి సరిపోతుంది. దింపుకు వెళ్లకపోతే ఆ రోజు కూలి లేనివాడికి, వరి నాట్ల రోజుల్లో చెయ్యి లేవని ఆడకూలీకి నాలుగు నెలలంటే అప్పు. నిజమే. కానీ ఆ తొందరకు సాక్ష్యం చూపే మందు స్టెరాయిడ్ ఇంజెక్షన్, కడగడం కాదు. తొలి ఆరు వారాల ఉపశమనం రెండు గుంపులకూ సమానంగా దక్కింది కదా. ఒక్క ఇంజెక్షన్‌కు పెద్ద ఖర్చు లేదు. దాన్ని స్కానింగ్ చూస్తూ బర్సాలోకే వేస్తే మందు టెండన్ గర్భంలో పడి దాన్ని బలహీనపరిచే భయం తగ్గుతుంది. ఆ ఆరు వారాల్లో వ్యాయామంతో చెయ్యి కదలికను కాపాడుకుంటే పనికి తిరిగి వెళ్లే దారి తెరుచుకుంటుంది. అయితే నొప్పి చచ్చిందని మర్నాడే చెట్టెక్కకూడదు. కనీసం రెండు వారాలు తలపైకి బరువు ఎత్తే పని మానాలని చెప్పి పంపడం డాక్టరు బాధ్యత.

స్టెరాయిడ్ వల్ల మధుమేహుల రక్తంలో చక్కెర కొన్నాళ్లు పెరుగుతుంది. ముందే చెప్పి, ఆ రోజుల్లో చక్కెర చూసుకోమని, అవసరమైతే మందు మోతాదు మార్చుకోమని అంటే సరిపోతుంది. చక్కెర అదుపు బాగా తప్పినవారికి మాత్రం ముందు అది సరిచేయాలి. నెలకొకటి చొప్పున ఇంజెక్షన్లు వేయించుకుంటూ పోవడాన్ని ఏ సాక్ష్యమూ సమర్థించదు.

మరి ఇదంతా చేసేదెవరు? 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాగా ఏర్పడిన కోనసీమలో అల్ట్రాసౌండ్ యంత్రాలకు కొరత లేదు. అమలాపురంలో ఏరియా ఆసుపత్రి, కోనసీమ వైద్య కళాశాల ఆసుపత్రి, వీధుల్లో స్కానింగ్ సెంటర్లు ఉన్నాయి. కొరత ఉన్నది వాడకంలో. స్కానింగ్ అనగానే ఇక్కడ జనానికి గుర్తొచ్చేది గర్భం, తర్వాత కడుపు నొప్పి. పైగా గర్భస్థ లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 నాటి చట్టం కింద, గర్భంలోని శిశువును చూడగల ఏ అల్ట్రాసౌండ్ యంత్రమైనా, దాన్ని భుజాలకే వాడతామన్నా సరే, నమోదు కావాలి. వాడే డాక్టరుకు నిర్ణీత అర్హత ఉండాలి. ఆడపిల్లలను కాపాడటానికి వచ్చిన ఆ చట్టాన్ని సడలించాలనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాని పర్యవసానం మాత్రం గమనించాలి. ఎముకల డాక్టరు తన గదిలో ప్రోబ్ పెట్టుకుని భుజం చూడటం విదేశాల్లో ఉన్నంత సులువు కాదు. ఇంజెక్షన్ వేసే చెయ్యి ఒక గదిలో, చూసే కన్ను ఇంకో గదిలో ఉండిపోతాయి. రేడియాలజిస్టు, ఎముకల డాక్టరు వారంలో ఒక పూట ఒకే గదిలో కూర్చుంటే ఈ దూరం తగ్గుతుంది. కొత్త యంత్రమేమీ కొనక్కర్లేదు. ఆ పూట బార్బొటాజే చేయాలన్న నియమమూ లేదు. చూసి ఇంజెక్షన్ వేయడం బాగా అలవాటైన చేతికి కడగడం తర్వాతి మెట్టే.

ఆరు నెలల వ్యాయామం, ఒకటి రెండు ఇంజెక్షన్లు దాటినా నొప్పి వదలని గట్టి ముద్దలకు ఇతర దారులున్నాయి. చర్మం బయటి నుంచి షాక్‌వేవ్ తరంగాలు పంపే చికిత్స మీద జర్మన్ వైద్యుడు గెర్డెస్‌మయర్ బృందం 144 మందితో చేసిన పరీక్ష 2003లో వెలువడింది. ఎక్కువ శక్తి తరంగాలు తక్కువ శక్తి వాటికన్నా, అవి నటన చికిత్సకన్నా బాగా పనిచేశాయి. షాక్‌వేవ్‌నూ సూదినీ ముఖాముఖి పోల్చినప్పుడు ముద్దను ఎక్కువగా తగ్గించింది సూదే. రోగులు మాత్రం రెండింటితోనూ తేరుకున్నారు. చిన్న గాటులోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్, అంటే ఆర్థ్రోస్కోపీ, ద్వారా ముద్దను తీసేయడం ఆఖరి మాట, నూటికి కొద్దిమందికే. కాకినాడకో రాజమహేంద్రవరానికో పంపాల్సినవారు వీళ్లు. పంపేటప్పుడు కొత్త ఎంఆర్ఐ రాయడం కన్నా మొదటి రోజు తీసిన ఎక్స్‌రేను, తాజాగా తీసిన ఎక్స్‌రేను కలిపి పంపితే అవతలి డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. రెండింటినీ పక్కన పెట్టి చూసినప్పుడు ముద్ద అంచులు అప్పటికే చెదరడం మొదలుపెట్టి ఉంటే ఆపరేషన్ తేదీ వాయిదా వేయవచ్చు.